రెండు బొమ్మలు ఒకటయ్యేదాకా

పెద్దవాళ్ళు పోయిన ఇంట్లో, ఏడుపులు కాస్త సద్దుమణిగాక, మొట్టమొదట వెతికే వస్తువు ఏదంటారు? వీలునామా కాదు. బీరువా తాళాలూ కాదు. ఫోటో! పెద్దకర్మ నాటికి పటం కట్టించాలి, దండ వేయాలి, దీపం పెట్టాలి. ఇంట్లో నలుగురి చేతుల్లో నాలుగు ఫోన్లుంటాయి. ఒక్కొక్క దానిలో వేలకొద్దీ బొమ్మలుంటాయి. మనవడి పుట్టినరోజు కేకు ఇరవై వైపుల నుంచి కనిపిస్తుంది. ఆ కేకు వెనక కుర్చీలో కూర్చున్న తాతగారు మాత్రం సగం చెవి, ఒక భుజం మేరకే కనిపిస్తారు. ఆఖరికి ఎవరో ఒకరు ఆయన ఆధార్ కార్డు పట్టుకొని ఫ్రేములు కట్టే దుకాణానికి పరిగెత్తుతారు.

మా రామసముద్రం వైపు పల్లెల్లో ఈ తంతు నేను చాలాసార్లు చూశాను. దుకాణంవాడు కార్డు మీది గోరంత మొహాన్ని పెద్దది చేస్తాడు. తెల్లజుట్టుకు నల్లరంగు పూస్తాడు. మెడకింద ఎవరిదో కోటూ టైా తగిలిస్తాడు. వెనక ఊటీ పూలతోట పరుస్తాడు. పుట్టినప్పటినుంచీ పంచెతో, భుజాన తువ్వాలతో తిరిగిన రైతు, పోయాక సూటు తొడుక్కుని గోడెక్కుతాడు! ఇంట్లోవాళ్ళు ఆ పటం ముందు నిలబడి దణ్ణం పెట్టుకుంటారు గాని, కాస్త తటపటాయించి పెట్టుకుంటారు. ఎదురుగా ఉన్నది తమ మనిషేనా అన్న అనుమానం ఉంటుంది కదా!

కొరత కెమేరాలది కాదు, మనిషి ముందు నిలబడి ఆ మనిషిని చూసే ఓపికది. ఈ వారం ఒక పాత కటకం కథ చెప్పబోతున్నది అందుకోసమే. పాత వస్తువుల మీది మోజుతో చెబుతున్నానని అనుకోకండి. ఈ కటకంతో ఫోటో తీయాలంటే, ఎదుటి మనిషి మనకెంత దూరంలో ఉన్నాడో తేల్చుకున్న తర్వాతగాని మీట నొక్కడానికి లేదు. ఆ ఒక్క నిబంధనలోనే దీని విశేషమంతా ఉంది.

ఈ కెమేరా మా మేనమామగారిది. ఆయన యౌవనంలో భిలాయి ఉక్కు కర్మాగారంలో పనిచేశారు. సోవియట్ దేశంతో 1955లో ఒప్పందం కుదుర్చుకుని మనవాళ్ళు కట్టిన కర్మాగారం అది. 1959లో అక్కడ మొదటి కొలిమి వెలిగింది. అక్కడికి వచ్చిన రష్యన్ ఇంజనీర్లలో ఒకాయన స్వదేశానికి వెళ్ళేటప్పుడు దీన్ని మామయ్యకు అమ్మి వెళ్ళాడట. కెమేరా పేరు జోర్కీ-4. చురుకైన చూపు గలదని ఆ భాషలో దానికి అర్థం. దాని మూతికి బిగించిన కటకం పేరు జూపిటర్-8, అనగా మన బృహస్పతి. కటకం అంచున చెక్కిన సంఖ్యలో మొదటి రెండంకెలు 6, 1. సోవియట్ కటకాలకు సాధారణంగా ఆ రెండంకెలే పుట్టిన సంవత్సరాన్ని చెబుతాయి. అంటే 1961 అన్నమాట. జాతకాన్ని నుదుటనే రాయించుకుని పుట్టిన అద్దం!

పుట్టింది రష్యాలోనే అయినా దీని గోత్రం జర్మనీది. జైస్ కంపెనీలో లుడ్విగ్ బెర్టెలే అనే నిపుణుడు సోనార్ అనే కటకానికి రూపకల్పన చేశాడు. 1932లో వచ్చిన కాంటాక్స్ కెమేరాతో అది ప్రసిద్ధికెక్కింది. ఆ రోజుల్లో కటకాలకు పూతలు లేవు. గాజు, గాలి కలిసే ప్రతి అంచు దగ్గరా కొంత వెలుతురు వెనక్కి కొట్టేసి, బొమ్మ పాలిపోయేది. బెర్టెలే ఆరు గాజుబిళ్ళలను మూడే జట్లుగా అతికించి ఆ అంచులను తగ్గించాడు. యుద్ధం ముగిశాక నష్టపరిహారం కింద జర్మనీ నుంచి యంత్రాలు, గాజు సోవియట్ దేశానికి తరలిపోయాయి. మాస్కో దగ్గర క్రాస్నొగోర్స్క్ కర్మాగారంలో సోనారే పేరు మార్చుకుని జూపిటర్ అయింది.

కెమేరా పెట్టె కథ ఇంకా తమాషాగా ఉంటుంది. దానికి మూలపురుషుడు లైకా. జర్మనీలో ఆస్కార్ బార్నాక్ అనే ఆయన, సినిమా ఫిల్మును అడ్డంగా నడిపి, రెండు సినిమా గళ్ళంత మేర ఒక బొమ్మ పడేటట్టు ఒక చిన్న కెమేరా చేశాడు. 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు: ఈనాటికీ చెల్లుతున్న ఆ కొలత ఆయన పెట్టిందే. 1925లో లైకా బజారుకొచ్చింది. 1932లో దానికి దూరం కొలిచే ఏర్పాటు కటకంతో జతపడింది. రెండేళ్ళు తిరగకుండానే, 1934లో, ఖార్కోవ్ నగరంలో అనాథ బాలుర కోసం పెట్టిన శ్రామిక వసతిలో ఆ లైకాను విప్పి చూసి, ఫెడ్ అనే కెమేరాను తయారుచేయడం మొదలుపెట్టారు. తలిదండ్రులు లేని పిల్లల చేతుల మీదుగా వచ్చిన కెమేరా అది! దాని సంతతే 1948లో వచ్చిన జోర్కీ.

ఇక ఆ దూరం కొలిచే ఏర్పాటు ఏమిటో చూద్దాం. దీనికి లెక్కలు రానవసరం లేదు. మీ బొటనవేలు చాలు. వేలిని ముక్కుకెదురుగా జానెడు దూరంలో నిలిపి, ఎడమకన్ను మూసి ఒకసారి, కుడికన్ను మూసి ఒకసారి చూడండి. వేలు అటూ ఇటూ గెంతుతుంది. చెయ్యి బారుగా చాపి చూస్తే గెంతు తగ్గుతుంది. దూరాన ఉన్న కొండమీది చెట్టు అసలు కదలదు. ఆ గెంతే దూరానికి కొలత. కెమేరా ముఖాన కూడా రెండు కళ్ళవంటి గవాక్షాలున్నాయి. రెండింటిలోంచి వచ్చిన బొమ్మలు మనం కన్ను ఆనించే చోట ఒకదానిమీద ఒకటి పడతాయి. గవాక్షం నడుమ లేత రంగు మచ్చ ఒకటి కనిపిస్తుంది. ఆ మచ్చలో ఎదుటివారికి రెండు ముక్కులుంటాయి, నాలుగు కళ్ళుంటాయి! కటకం చుట్టూ ఉన్న వలయాన్ని తిప్పుతుంటే, లోపల ఒక చిన్న మీటను కటకం నెడుతుంది. మీట కదిలి బొమ్మల్లో ఒకదాన్ని పక్కకు జరుపుతుంది. రెండు బొమ్మలూ దగ్గర దగ్గరగా వచ్చి ఒకదానిలో ఒకటి ఒదిగిపోయిన క్షణాన దూరం కుదిరినట్టు. అప్పుడు మీట నొక్కవచ్చు.

ఇందులో ఒక చిక్కు లేకపోలేదు. మనం చూసేది గవాక్షంలోంచి. బొమ్మ పడేది కటకంలోంచి. కటకానికి మూత ఉందో లేదో గవాక్షానికి తెలియదు. మూత తీయకుండానే ముప్పయ్యారు బొమ్మలూ తీసి, ఇంటికి వచ్చి భార్యతో గొప్పలు చెప్పుకున్న మహానుభావులు ప్రతి దేశంలోనూ ఉన్నారు! అయితే లాభమూ ఉంది. తరవాత కాలంలో వచ్చిన అద్దపు కెమేరాల్లో, బొమ్మ పడే క్షణాన అద్దం పైకి లేచి ఎదుటి మనిషి కంటికి కనపడకుండా పోతాడు. ఇందులో ఆ లోపం లేదు. బొమ్మ పడుతున్నప్పుడు కూడా మనిషి మన కంటిముందే ఉంటాడు. పెద్ద చప్పుడూ ఉండదు.

ఈ గుణాన్ని బాగా గ్రహించినవాడు హెన్రీ కార్టియర్-బ్రెస్సన్ అనే ఫ్రెంచివాడు. లైకా, దానికి 50 మిల్లీమీటర్ల కటకం: జీవితంలో ఎక్కువ భాగం ఆయన వాడింది ఇంతే. మెరిసే భాగాలు ఎవరి కంటా పడకుండా నల్లటి పట్టీ అంటించుకునేవాడు. 1948 జనవరి 30న ఢిల్లీలో గాంధీగారిని కలిసి, తన ఫోటోల సంపుటం చూపించి సెలవు తీసుకున్నాడు. కొద్దిసేపటికే గాంధీగారిని కాల్చారన్న వార్త తెలిసి వెనక్కి పరిగెత్తాడు. ఆ రాత్రి బిర్లా భవనం గేటు దగ్గర, నెహ్రూగారు జనానికి ఆ మాట చెబుతున్నప్పుడు తీసిన ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. ఉన్నది ఒక్క దీపపు వెలుగు. బొమ్మ కాస్త చెదిరింది. చెదరకుండా ఉంటే బాగుండేదని ఇంతవరకు ఎవరూ అనలేదు.

రెండేళ్ళ తర్వాత, 1950 ఏప్రిల్‌లో, ఆయన మన చిత్తూరు సీమకు దక్షిణాన ఉన్న తిరువణ్ణామలైలో ఉన్నాడు. రమణ మహర్షి చివరి రోజులవి. తెలుగుదేశం నుంచి వెళ్ళిన భక్తులెందరో ఆ ఆశ్రమంలో దిగులుగా తిరుగుతున్న కాలం. మహర్షిని చివరిసారిగా ఫోటో తీసినవారిలో కార్టియర్-బ్రెస్సన్ ఒకడు. ఏప్రిల్ 14 రాత్రి 8 గంటల 47 నిమిషాలకు మహర్షి నిర్యాణం చెందారు. అదే వేళకు ఒక ఉల్క అరుణాచలం మీదుగా సాగిపోవడం చూసి ఆయన గడియారం చూసుకున్నాడట. ఉల్క మాట అటుంచండి. రోగపీడితుడైన ఒక వృద్ధుని ముందుకు కళ్ళు మిరుమిట్లు గొలిపే దీపంతోనూ, మోతతోనూ పోవడం ఎంత అమర్యాద! గుప్పెట్లో ఇమిడే చిన్న పెట్టెతో, చడీ చప్పుడూ లేకుండా, నాలుగడుగుల దూరంలో నిలబడగలిగాడు గనుకనే ఆ ముఖాలు మనకు దక్కాయి.

అంత పెద్దవాళ్ళ మాట చెప్పి మా ఊరి మాట చెప్పడం సాహసమే. అయినా కటకం కటకమే, మనిషి మనిషే. రామసముద్రం అనగానే బయటివారు సముద్రం ఎక్కడని అడుగుతారు. మా సీమలో చెరువుకే సముద్రమని పేరు. నీళ్ళు తక్కువైన చోట ఆశ ఎక్కువ. కర్ణాటక పొలిమేరను ఆనుకుని ఉండడంచేత ఇక్కడి సంతలో ఒక వాక్యం తెలుగులో మొదలై కన్నడంలో ముగుస్తుంది. మార్చి నెల వచ్చిందంటే ఏ చెట్టు కింద చూసినా చింతపండు పనే. కాయలు కొట్టి, పెంకు రాల్చి, ఈనెలు లాగి, గింజలు తీసి కుప్ప పోస్తూ ఆడవాళ్ళు కూర్చుంటారు. అటువంటి ఒక కుప్ప దగ్గర, ఊరి చివర, డెబ్బయి అయిదేళ్ళు దాటిన ఒక అవ్వ ముందు నేనీ కెమేరాతో చతికిలబడ్డాను.

ఈ కెమేరాకు వెలుతురు కొలిచే యంత్రం లేదు. దానికి ఒక పాత సూత్రం ఉంది. 400 వేగం గల ఫిల్ముకు, నడి ఎండలో కటకం రంధ్రాన్ని 16 అంకె దగ్గర పెట్టి సెకనులో 500వ వంతు తెరవాలి. చెట్టు నీడకు వస్తే రంధ్రాన్ని 4 దగ్గరకు తెరవాలి. అలాగే పెట్టి, గవాక్షంలో అవ్వ రెండు ముక్కులనూ ఒకటి చేసే పనిలో పడ్డాను. అవ్వ చేతులు ఆగలేదు. చింతగింజలు టపటపా రాలుతూనే ఉన్నాయి.

“ఏం సారూ, పటం ఎత్తేకి ఇంతసేపా? మా మనవడు ఫోన్‌తో టక్కున ఎత్తేస్తాడే?” అంది.

“దూరం చూస్తా ఉండాను అవ్వా.”

“దూరమేముండాది? ఈడనే కదా కూచోనుండాను! కావాలంటే ఇంకొంచెం దగ్గరికి రా.”

ఆ మాట అంటూ చేతిలో కాయ పక్కన పెట్టి, తల ఎత్తి నా వైపు చూసింది. మీటరు కంటె దగ్గరకు ఈ కటకం సాగదు. సరిగ్గా ఆ మీటరు దగ్గర రెండు బొమ్మలూ ఒకటయ్యాయి. మీట నొక్కాను.

“యాడ? చూపించు” అని చెయ్యి చాపింది.

“ఇందులో కనపడదవ్వా. కడగాల. కడిగినాక కాగితం మీద తెచ్చిస్తాను.”

“కడుగుతారా? గుడ్డల మాదిరా!” అని పక్కనున్న కోడలివైపు చూసి నవ్వింది. “ఎన్ని దినాలు పట్తాది?”

“మూడు వారాలు.”

“అంతదాకా నేనుండొద్దా మరి!” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఆ మూడు వారాలూ ఆ మాట నా చెవిలోనే ఉంది.

కడగడమంటే అవ్వ చెప్పినట్టు ఇంచుమించు గుడ్డలు ఉతకడమే. నలుపు తెలుపు ఫిల్మయితే ఇంట్లోనే చేసుకోవచ్చు. వెలుతురు చొరని గదిలో చుట్టను తీసి, మూత ఉన్న చిన్న ట్యాంకులోకి ఎక్కించాలి. అక్కణ్ణుంచి దీపం వేసుకోవచ్చు. డి-76 అనే మందు ఒకటుంది. కొడక్ కంపెనీవారు 1927లో తెచ్చిన ఆ యోగమే నేటికీ చెల్లుతోంది. దాన్ని సమానంగా నీళ్ళు కలిపి పోసి, నా ఫిల్ముకైతే దాదాపు పది నిమిషాలు, మధ్యమధ్య ఊపుతూ ఉంచాలి. తర్వాత హైపో. తర్వాత మంచినీళ్ళు. నీళ్ళ వేడి 20 డిగ్రీలుండాలి. చలికాలపు ఉదయాల్లో మదనపల్లె వైపు అది దేవుడిచ్చిన వరంగా కుళాయిలోనే దొరుకుతుంది. వేసవిలో కూజా నీళ్ళు, అవీ చాలకపోతే మంచుముక్కలు. కడిగిన ఫిల్మును దండెం మీద క్లిప్పు పెట్టి ఆరవేస్తే, ఇంట్లోవాళ్ళు గుడ్డలు ఎక్కడ ఆరేసుకోవాలని అడుగుతారు. అదీ భరించాలి.

ఖర్చు మాట దాచడం న్యాయం కాదు. ఈనాడు ఒక ఫిల్ము చుట్ట కొని, కడిగించి, కంప్యూటరులోకి ఎక్కించేసరికి వెయ్యి రూపాయలు దాటిపోతుంది. ముప్పయ్యారు బొమ్మలకు! ఒక కాలంలో మన దేశంలోనే ఫిల్ము తయారయ్యేది. ఉదకమండలంలో 1960లో కేంద్రప్రభుత్వం స్థాపించిన హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1967 నుంచి ‘ఇందు’ అనే పేరుతో ఫిల్మును అమ్మింది. ఆ కర్మాగారం మూతపడింది. ఇప్పుడు దొరికేదంతా పరదేశపు సరుకు. కాబట్టి మీట నొక్కేముందు చెయ్యి కాస్త ఆగుతుంది. ఆ ఆగడంలో, ఎదుటివారి భుజం మీద చెంగు సర్దుకోవడం, గడ్డం కింద ముడత, వేళ్ళకంటిన చింతపులుసు, ఇవన్నీ కంటికి ఆనుతాయి. పొదుపు వల్ల కలిగే జ్ఞానం ఇదొకటి.

ముప్పయ్యారింటిలో గోడకెక్కదగ్గవి నాలుగు తేలాయి. అవ్వ బొమ్మ ఆ నాలుగింటిలో ఒకటి. దాన్ని పెద్ద కాగితం మీద వేయించి మూడు వారాలు దాటకుండానే పట్టుకెళ్ళాను. అవ్వ నిక్షేపంలా ఉంది. చేతులు కొంగుకు తుడుచుకుని, ఫోటో అందుకుని, దూరంగా పట్టి చూసింది, దగ్గరగా పట్టి చూసింది. కటకం తిప్పుతున్నట్టే ఉంది ఆమె వాలకం. చాలాసేపు ఏమీ అనలేదు.

“ఇది నేను కాదే” అంది చివరకు. “మా యమ్మ కదా ఇది!”

కోడలు నచ్చచెప్పబోయింది. అవ్వ వినలేదు. వాళ్ళమ్మ పోయి యాభై ఏళ్ళయిందట. ఆవిడకు ఒక్క ఫోటో కూడా లేదు, తీసేవారెవరు, తీయించేవారెవరు? ఇన్నాళ్ళూ అమ్మ మొహం తలుచుకుందామంటే అందీ అందకుండా పోయేదట. ఇప్పుడు ఈ కాగితం మీద, ఆ చూపు, ఆ గడ్డం, ఆ చెంగు అన్నీ అమ్మవే. “దీన్ని మా యమ్మకని పెట్టుకుంటాను. నాకింకొకటి ఎత్తు సారూ” అంది.

తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి గనుక ఒక మాట చెప్పనివ్వండి. ఫోటోను మనం ఛాయాచిత్రం అన్నాం. ఛాయ అంటే నీడ అనే చాలామందికి తెలుసు. సంస్కృతంలో దానికి కాంతి అనీ, ప్రతిబింబం అనీ కూడా అర్థాలున్నాయి. పురాణంలో సూర్యుని భార్య సంజ్ఞాదేవి, భర్త వేడి భరించలేక పుట్టింటికి వెళుతూ, తన నీడను తన రూపంలోనే ఇంట్లో నిలిపి వెళ్ళింది. ఆ నీడ పేరే ఛాయ. వెళ్ళిపోయే మనిషి తన బదులు ఇంట్లో ఉంచిపోయే రూపం! ఈ మాటను ఫోటోకు ఎన్నుకున్న మహానుభావుడెవరోగాని, ఆయన చేతికి మొక్కాలి. కాని ఒక షరతు. పోలిక కుదరాలి. సంజ్ఞాదేవి బదులు ఎవరి కోటో తొడుక్కున్న ఛాయ ఇంట్లో ఉంటే సూర్యుడు గడప దగ్గరే పట్టేసి ఉండేవాడు.

ఇదంతా చదివి, అందరూ రష్యా కెమేరాలు కొనాలని చెబుతున్నానని అనుకోవద్దు. ఫోనులో ఉన్న కెమేరా చెడ్డదేమీ కాదు. చీకట్లో చూసే శక్తిలో మా బృహస్పతిని అది ఎప్పుడో మించిపోయింది. కాని మీ ఇంటి అటకమీదో, బీరువా అడుగునో ఒక పాత కెమేరా ఉండి ఉండవచ్చు. పాతసామాన్లవాడికి వేసేముందు ఒకసారి తీసి చూడండి. కటకాన్ని దీపానికెదురుగా పట్టండి. లోపల సాలెగూటి పోగుల్లాగా కనిపిస్తే బూజు పట్టిందన్నమాట. తోలుసంచి తేమను పట్టి ఉంచుతుంది. అందులోంచి తీసి, తేమను పీల్చే గుళికలతో గాలి చొరని డబ్బాలో పెట్టండి. జోర్కీ వంటిదైతే ఒక జాగ్రత్త: ఫిల్మును ముందుకు తిప్పిన తర్వాతనే వేగాన్ని మార్చాలి, ముందు మార్చితే లోపలి పళ్ళు దెబ్బతింటాయి. ఎండ సూటిగా కటకంలో పడితే బొమ్మ పాలిపోతుంది. ఎడమ అరచేతిని గొడుగులా అడ్డం పెడితే సరిపోతుంది.

కెమేరా కంటె ముఖ్యమైనవి దాని పక్కనే ఉండే నెగటివులు. గోధుమరంగు పట్టీలని, ఎందుకూ పనికిరావని పారేస్తారు. పెళ్ళినాటి ఫోటో చెదలు తిన్నా, నెగటివు ఉంటే మళ్ళీ కొత్త ఫోటో పుడుతుంది. చుట్టగా చుట్టి రబ్బరుబ్యాండు వేసినవాటిని విప్పి, అంచులు మాత్రమే పట్టుకుని, కాగితపు కవర్లలో విడివిడిగా పెట్టండి. వంటింటి అటక, దేవుడి గూడు వాటికి తగిన చోట్లు కావు. పొగా, వేడీ వాటికి పడవు. పుల్లటి వాసన వస్తున్నాయంటే అవి శిథిలమవుతున్నాయని గుర్తు. అటువంటివాటిని వేరుగా ఉంచి, ఆలస్యం చేయకుండా స్టూడియోలో ఇచ్చి కంప్యూటరులోకి ఎక్కించుకోండి.

అన్నిటికంటె ముందు చేయవలసిన పని మరొకటి ఉంది. దానికి ఫిల్ము కెమేరాయే కానక్కరలేదు, ఏ కెమేరా అయినా సరే. ఈ పండక్కి ఇంటికి వెళ్ళినప్పుడు, ఇంట్లో అందరికంటె పెద్దవారిని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. వారు రోజూ కట్టుకునే బట్టల్లోనే ఉండనివ్వండి. చేతిలో రోజూ ఉండే పనే ఉండనివ్వండి. మీరు రెండడుగుల్లో కాదు, పది అడుగుల్లో కాదు, నాలుగైదడుగుల దూరంలో, వారి కళ్ళ ఎత్తుకు సరిగ్గా కూర్చోండి. నవ్వమని బలవంతం చేయకండి. ఏదో ఒకటి అడగండి, వారు చెప్పేది వినండి, చెబుతూ చెబుతూ తలెత్తి మీ వైపు చూసినప్పుడు మీట నొక్కండి. ఆ ఫోటోను ఫోనులో వదిలేయక కాగితం మీద వేయించండి. వెనక వారి పేరు, ఊరు, సంవత్సరం రాయండి. బాల్‌పెన్నుతో వద్దు, ముందువైపు గాట్లు పడతాయి. మెత్తటి పెన్సిలుతో, అంచున, తేలికగా రాస్తే చాలు.